టవర్లు కూల్చే రోజు ముఖ్య వక్త

ఓస్టర్‌వేడె,
జనవరి

వీబ్కెకి,

నీ కొత్త సంవత్సరం కార్డు అందింది. పైన "చల్లని భూమి, వెచ్చని మనసు" అని ఆకుపచ్చ అక్షరాలు. లోపల మీ మంత్రిగారి సంతకం, అచ్చు వేసింది. మూలన పెన్సిల్‌తో నీ పేరు. మీ అక్క బతికుంటే దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించేది. నేను పొయ్యి వెలిగించుకోవడానికి వాడాను. కట్టెల పొయ్యి కాబట్టి మీ పార్టీకి రెండు రకాలుగా కోపం రావచ్చు.

ఫోన్ చెయ్యమన్నావు. చెయ్యను. ఫోన్లో మనిద్దరం ఒకేసారి మాట్లాడతాం, వినే మనిషి ఉండదు. ఇన్నేళ్లూ మీ అక్క గెజీనె మధ్యలో కూర్చుని "ముందు తినండి, కొట్టుకోవడం కాఫీ అప్పుడు" అనేది. ఈ క్రిస్మస్‌కి అనేవాళ్లు లేకే కదా నువ్వు రాలేదు, నేను పిలవలేదు. కాగితం మీదైతే ఒకళ్లు మాట్లాడేటప్పుడు రెండోవాళ్లు నోరు మూసుకోక తప్పదు. అందుకని రాస్తున్నాను.

ఈ వారమంతా పొగమంచు. ఆకు కదల్లేదు. దారి పొడుగునా గాలిమరలన్నీ చేతులు వేలాడేసుకుని నిలబడ్డాయి. మరి ఇవాళ నా కాఫీ కాచిన కరెంటు ఎక్కడిది? నీ వంటింటి కిటికీలోంచి కనబడే ఆ బొగ్గు గుంతలోది. మా అణు ప్లాంటు పొగ అన్నది లేకుండా జిల్లాలకి జిల్లాలు వెలిగించేది. దాన్ని మూయించి మీరు కేకు కోసుకున్నారు. బొగ్గుని మాత్రం ఇంకొన్నాళ్లు ఉండమని బతిమాలుకుంటున్నారు.

అయినా లోకానికి బుద్ధులు చెప్పడం మానం. చొక్కాలు ఆసియాలో కుట్టిస్తాం, ఉక్కు అక్కడే కాయిస్తాం, ఆ పొగ వాళ్ల పద్దులో రాసేసి చేతులు కడుక్కుంటాం. తర్వాత వాళ్ల దగ్గరికే విమానమెక్కి వెళ్లి "మీరింకా మారలేదేంటి?" అని అడుగుతాం. ఆ విమానానికి ప్రాయశ్చిత్తంగా ఎక్కడో ఎవరిచేతో ఒక మొక్క నాటిస్తాం. పూర్వం చర్చిలో పాపాలకి మాఫీ చీటీలు అమ్మేవాళ్లని బళ్లో చెప్పారు. ఇప్పుడు మీరు అమ్ముతున్నారు.

ఊళ్లో విశేషం ఒకటుంది. మా గుట్ట మీద గాలిమరలు పెడతారట. మేలో పంచాయతీలో ఓటింగు. సగం మంది అటు, సగం మంది ఇటు, మధ్యలో నేను. హోటల్ ల్యూబెన్ తెలుసుగా, వాటికి వ్యతిరేకంగా "ఎదురుగాలి" అని సంఘం పెట్టాడు. నన్ను అధ్యక్షుడిగా ఉండమంటున్నాడు. మీవాళ్లంటే నాకు పడదనే ఊరు నన్ను పంచాయతీకి గెలిపించింది కాబట్టి అడగడంలో తప్పు లేదు. ఒప్పుకుందామనే ఉంది. నీకు ముందుగా చెబితే ఆ ఆనందం వేరు.

డెట్లెఫ్


డ్యూరెన్,
ఫిబ్రవరి

బావా,

నీ ఉత్తరం ఆఫీసులో గట్టిగా చదివి వినిపిద్దామనుకున్నాను. అణు ఇంజనీరు పెన్షన్ పుచ్చుకున్నాక ఏమవుతాడో మా కుర్రవాళ్లకి తెలియాలి కదా. కానీ మంత్రి పేషీలో అంత తీరిక లేదు. ఆయన రోజుకి రెండు చోట్ల మాట్లాడతాడు, ఆ రెండూ నేనే రాయాలి.

పొగ లేదన్నావు. ఒప్పుకున్నాను. మరి మిగిలినది? మీ ప్లాంటు వెనక షెడ్డులో ఇనప పీపాల్లో కూర్చున్న అణు చెత్త ఎక్కడ పెట్టాలో మీ ముసలి ఇంజనీర్లలో ఒక్కడైనా చెప్పాడా? పాయిఖానా లేకుండా మేడ కట్టి, ఎంత చక్కగా ఉందో చూడండి అని తిరిగేవాళ్లు మీరు. మేము అడిగితే "అది తర్వాతివాళ్లు కనుక్కుంటారు" అన్నావు, నాకు బాగా గుర్తు, అక్క పెట్టిన కేల్ కూర ప్లేటులో ఉండగా.

ఇక ల్యూబెన్. ఆ హోటల్ వెనక నూనె ట్యాంకు వాసనకి మేమెప్పుడూ అక్కడ కిటికీ తెరవలేదు. ఆ మనిషికి ప్రకృతి దృశ్యం మీద ఇప్పుడు ప్రేమ పుట్టిందా? గుట్ట వెనకే కదా మీ రెండు కూలింగ్ టవర్లు ఇన్నేళ్లూ ఆకాశంలో సగం ఆక్రమించి నిలబడింది. అవి అడ్డు రాని కంటికి గాలిమర అడ్డొస్తోంది. బావా, నువ్వు మొండివాడివే గానీ మూర్ఖుడివి కావు. ఆ సంఘంలో కూర్చుంటే నీ చుట్టూ ఎవరుంటారో ఒకసారి చూసుకుని కూర్చో.

గాలిమరలకి ఓటెయ్యి. నా కోసం కాదు. నా కోసం నువ్వేం చేసినా నాకు అనుమానమే.

మేర్లె యూనివర్సిటీకి వెళ్లడం మానేసింది. గుంత అంచున ఆ ఖాళీ చేసిన ఊళ్లో చెట్టు మీద గుడిసె కట్టుకుని ఉంటోంది, ఇంకొంతమందితో. ఊరిని బొగ్గు కోసం తవ్వనివ్వరట. చలి కదే అంటే, "నువ్వు నా వయసులో ఎక్కడ పడుకున్నావమ్మా?" అంది. మీ ప్లాంటు గేటు ముందు, వానలో పడుకున్నాను.

వీబ్కె


ఓస్టర్‌వేడె,
మార్చి

వీబ్కెకి,

ముందు నీ కూతురు విషయం. ఆమె ఇక్కడుంది. నిన్న మధ్యాహ్నం బస్సు దిగి, ఎడమ చేతికి పట్టీతో గుమ్మంలో నిలబడి "పెదనాన్నా, కొన్నాళ్లు ఉండొచ్చా?" అంది. పోలీసులు తాడుతో కిందికి దించుతుంటే కాలు జారి మణికట్టు విరిగిందట. ఎవరి తప్పూ కాదంటోంది. దించినతను ఆసుపత్రిదాకా పక్కనే కూర్చున్నాడట. ఆ కుర్రాడి మీద ఆమెకి కోపం లేదు.

కోపం దేని మీదో భోజనం దగ్గర చెప్పింది. ఆ ఊరు ఎందుకు పోవాలో మీ మంత్రి టీవీలో చెప్పాడు కదా, "ఈ చివరి ఊరు మన శీతాకాలాలకి మనం చెల్లించే మూల్యం" అని. ఆ వాక్యం వినగానే అది నీదేనని పోల్చుకుందట. చెట్టు మీద చిన్న రేడియోలో విన్నారట అందరూ. "మా అమ్మ చేతి వంట నేను గుర్తుపట్టనా?" అంది.

నీకు తెలిసే ఉంటుందనుకుంటాను. ఒకవేళ తెలియకపోతే ఇప్పుడు తెలిసింది.

ల్యూబెన్ మీటింగుకి వెళ్లాను. హాలు నిండిపోయింది. ముందు గాలిమరల కంపెనీ కుర్రాడొకడు పలక లాంటి ఫోను పట్టుకుని వచ్చాడు. గాలిమర తిరుగుతున్నప్పుడు మన ఫోనుకి కబురొస్తుందట, అప్పుడు బట్టలుతికే మిషను తనంతట తనే మొదలవుతుందట. "మరి తిరగనప్పుడు?" అని అడిగాను. "అప్పుడు నిల్వ చేసిన హైడ్రోజన్ ఉంటుంది సార్" అన్నాడు. "ఎక్కడుంది?" అన్నాను. "వస్తోంది సార్" అన్నాడు. ఏదో బంధువు రైల్లో వస్తున్నట్టు చెప్పాడు.

అతన్ని పంపేశాక ల్యూబెన్ లేచాడు. గాలిమరల వల్ల ఆవులకి కడుపులు పోతాయన్నాడు, నిద్ర రాదన్నాడు. అక్కడిదాకా బీరు తాగుతూ విన్నాను. తర్వాత "అసలు ఈ భూమి వేడెక్కడమంతా పట్నంవాళ్ల కట్టుకథ" అన్నాడు. హాలంతా బల్లలు చరిచారు. నేను లేచి, "ల్యూబెన్, నేను షిఫ్ట్ ఇన్‌చార్జిగా పనిచేశాను. నది నీళ్లు మరీ వేడిగా ఉంటే రియాక్టర్ తగ్గించాలి. చేరిన కొత్తలో అది అరుదు. చివరికొచ్చేసరికి ప్రతి వేసవీ అదే పని. కట్టుకథకి నీళ్లు వేడెక్కవు" అన్నాను.

"నది వేడెక్కింది మీ ప్లాంటు వల్లే కదయ్యా" అన్నాడు. అందరూ నవ్వారు. నాతోపాటు కంట్రోల్ రూమ్‌లో పక్క కుర్చీలో కూర్చున్న ఏవాల్ట్ కూడా నవ్వాడు. మేము కొలిచేది ప్లాంటుకి ఎగువన అని వాడికి తెలుసు. అయినా నవ్వాడు. బీరు ల్యూబెన్ పోయిస్తున్నాడు మరి.

అధ్యక్ష పదవి వద్దన్నాను. అంతమాత్రాన నీ వైపు వచ్చానని చంకలు గుద్దుకోకు. నీ వైపు ఎవరున్నారో కూడా చూస్తున్నాను.

డెట్లెఫ్


డ్యూరెన్,
మార్చి

బావా,

మణికట్టు ఏ ఎముక? ఆపరేషన్ అవసరమన్నారా? రాత్రిళ్లు చేతి కింద దిండు పెట్టుకోమను. వాల్‌నట్లు తింటే దానికి నాలుక పొక్కుతుంది, బ్రెడ్డులో చూసుకో. నేను రాశానని చెప్పకు.

తెలియదు నాకు. వాళ్లని దించేశారని ఆఫీసులో తెలిసింది. ఎవరికీ పెద్ద దెబ్బలు తగల్లేదని మా కాగితంలో ఉంది. ఆ కాగితం కూడా నేనే సరిచేశాను.

ఇక నీ ఎత్తిపొడుపుకి జవాబు. ఆ ఊరిని ఇచ్చి, బొగ్గు మూసే గడువుని ఎనిమిదేళ్లు ముందుకి లాక్కొచ్చాం. ఎనిమిదేళ్ల బొగ్గు, బావా. ఇళ్లు ఎప్పుడో ఖాళీ అయ్యాయి, మిగిలినవి గోడలు. చెట్టు ఎక్కినవాళ్లకి చేతులు శుభ్రంగా ఉంటాయి. రియాక్టర్ ముందు కూర్చుని బటన్లు నొక్కి ఇంటికొచ్చి పేపరు చదువుకునేవాళ్లకీ శుభ్రంగానే ఉంటాయి. బేరం ఆడేవాళ్లకే మట్టి అంటుతుంది. మాకు ఓటేసిన ఆడవాళ్లు బజార్లో నన్ను చూసి మొహం తిప్పుకుంటున్నారు. వాళ్లలో సగం మంది సెలవలకి విమానంలో కానరీ దీవులకి పోయి వచ్చి, రంగు తేలిన మొహాలు తిప్పుకుంటున్నారు.

దాని ముందు నన్ను సమర్థించొద్దు. నువ్వు సమర్థిస్తే దానికి నా మీద ఇంకా అనుమానం పెరుగుతుంది. కానీ ఏమంటోందో రాయి. అన్నది అన్నట్టు రాయి, మెత్తగా చెయ్యకు.

వీబ్కె


ఓస్టర్‌వేడె,
ఏప్రిల్

వీబ్కెకి,

ఉన్నదున్నట్టు రాయమన్నావు. "అమ్మ చెడ్డది కాదు పెదనాన్నా, అమ్మకి వాక్యాలు బాగా వస్తాయి, అదే గొడవ" అంది.

నన్నూ వదల్లేదు. రియాక్టర్ ఎలా పనిచేస్తుందో చెప్పమంటే ఆదివారమంతా బొమ్మలు గీసి చెప్పాను. అంతా విని, "బాగుంది. మరి చెత్త?" అంది. అది తర్వాతివాళ్లు... అని మొదలుపెట్టాను. "తర్వాతివాళ్లు అంటే ఎదురుగా కూర్చున్నారు, చెప్పు" అంది. మీ వంశంలో ఆడవాళ్లతో భోజనం ఎప్పుడూ ప్రశాంతంగా సాగలేదు.

ఇవాళ పొద్దున్న రొట్టెల షాపుకి వెళ్లాను. గోడ మీద పెద్ద పోస్టరు. మా ప్లాంటు రెండు టవర్లూ జూన్‌లో పేల్చి పడగొడతారట. పిల్లలకి ఉయ్యాలలు, ఫైర్ స్టేషన్ వాళ్ల సాసేజీలు, బ్యాండు మేళం. అడుగున "ముఖ్య వక్త: వీబ్కె ట్యార్క్స్". మీ అక్క పుట్టింటి పేరు అంత పెద్ద అక్షరాల్లో మా ఊళ్లో ఎప్పుడూ వెయ్యలేదు. షాపులో అమ్మాయి "మీ మరదలే కదండీ, సంతోషంగా ఉంటుంది కదా" అంది. రొట్టెలు తీసుకోకుండానే వచ్చేశాను.

ఆ పోస్టరు అచ్చుకి ఎప్పుడు వెళ్లి ఉంటుందో నాకు తెలుసు. నాకు ఇన్ని ఉత్తరాలు రాశావు. వాల్‌నట్ల గురించి కూడా రాశావు.

డెట్లెఫ్


డ్యూరెన్,
ఏప్రిల్

బావా,

జనవరిలోనే అడిగారు. ఒప్పుకున్నాను. నీకు రాస్తే వద్దంటావు, నువ్వు వద్దన్నా వస్తాను, అప్పుడు మాట కాదన్నట్టు అవుతుంది. రాయకపోతే దాచినట్టు అవుతుంది. రెండింట్లో దాచడమే కాస్త తక్కువ గొడవ అనిపించింది. రాజకీయాల్లో ఉంటే లెక్కలు ఇలాగే వస్తాయి, నవ్వుకో.

కానీ ఒకటి విను. ఆ గేటు ముందు నేను ఇరవై ఏళ్ల వయసులో బురదలో పడుకుంటే నీళ్ల ఫిరంగితో కొట్టారు. నా పక్కనున్న పిల్లకి చెవి పోయింది. లోపల నువ్వు తెల్ల కోటు వేసుకుని కూర్చున్నావు. మా అక్క లోపలివాణ్ణి పెళ్లి చేసుకుంది, బయట ఉన్న చెల్లెలికి పొడి బట్టలు తెచ్చిచ్చింది. ఆమె ఏ రోజూ నన్ను పక్క ఎంచుకోమని అడగలేదు. నువ్వు అడుగుతున్నావు.

అక్కడ మాట్లాడే హక్కు నాకుంది. వస్తాను. నువ్వు ఆ రోజు ఊళ్లో లేకుండా పోయినా అర్థం చేసుకుంటాను. బాధ మాత్రం పడతాను.

వీబ్కె


ఓస్టర్‌వేడె,
మే

వీబ్కెకి,

పేపర్లో చూసే ఉంటావు. గాలిమరలు నెగ్గాయి. నా ఓటుతోనే నెగ్గాయి. అదెలా జరిగిందో పేపరువాడు తప్పు రాశాడు కాబట్టి నేను రాస్తున్నాను.

పంచాయతీ హాల్లో నిలబడడానికి చోటు లేదు. మేర్లె వెనక కిటికీ మీద కూర్చుంది. సర్పంచ్ ఎల్‌ఫ్రీడె పేర్లు పిలుస్తూ వచ్చింది. నా ముందు వరకు సరిసమానం. "హార్మ్స్ గారూ?" అంది. ల్యూబెన్ అప్పుడే చప్పట్లకి చేతులు పైకెత్తాడు.

నేను ఇలా అన్నాను: "గాలిమరలంటే నాకు అసహ్యం. గాలి లేనప్పుడు ఉత్త స్తంభాలు. వాటిని అమ్మే కుర్రాడు ఇంకా పుట్టని సరుకు పేరు చెప్పి బేరం చేస్తాడు. వాటిని పొగిడే పార్టీ నేను బతుకంతా పనిచేసిన చోటుని మూసింది. వీటన్నిటికీ నా కోపం అలాగే ఉంది. కానీ ప్లాంటు మళ్లీ రాదు. వద్దంటే దాని చోట్లో వచ్చేది బొగ్గు. ఈ గదిలో ల్యూబెన్ కథలు నమ్మినట్టు నటిస్తున్నవాళ్లలో ముగ్గురు నాతో కలిసి నది నీళ్ల వేడి చూసినవాళ్లు. వాళ్లకి సిగ్గు లేదు కాబట్టి నేను పడుతున్నాను. అవును అని రాసుకో ఎల్‌ఫ్రీడె."

"అమ్ముడుపోయావురా" అని ఏవాల్ట్ అరిచాడు.

"ఎవరికి?" అన్నాను. నిజంగా ఎవరూ కొనలేదు. మీ పార్టీవాళ్లు నన్ను కౌగిలించుకోవడానికి వస్తే కూడా పక్కకి తప్పుకున్నాను.

గురువారాల పేకాటకి నా కుర్చీ తీసేశారు. పోస్టు డబ్బాలో ఎవరో పేడ వేశారు. పోనీలే, తోటకి పనికొచ్చింది. మేర్లె "గర్వంగా ఉంది పెదనాన్నా" అంటే "గర్వపడకు, ఇది ఉన్నవాటిల్లో తక్కువ చెడ్డది" అన్నాను. "అమ్మ కూడా సరిగ్గా ఇదే అంటుంది" అంది. రోజంతా చిరాగ్గా ఉంది.

జూన్‌లో వస్తానో రానో చెప్పను. నువ్వూ చెప్పలేదు కదా.

డెట్లెఫ్


డ్యూరెన్,
జూన్

బావా,

నువ్వు కంచె దగ్గర నిలబడ్డావు, ఆ పాత నీలం కోటుతో, పక్కన మేర్లె. మైకు సగం మాటలు మింగేసింది. ల్యూబెన్ మనుషులు ఈలలు వేశారు. నీకు సరిగ్గా వినపడి ఉండదు. పేపర్లో నా మాటలు రాలేదు, "వక్త అస్వస్థతకు గురయ్యారు" అని వచ్చింది. ఆ వాక్యం రాసింది మా ఆఫీసులో నా కింద పనిచేసే కుర్రాడు. బాగా రాశాడు, నేనే నేర్పాను.

నాకిచ్చిన ప్రసంగంలో మొదటి మాట, "నేడు ఒక యుగం కూలుతోంది, మనం గెలిచాం". నలభై ఏళ్లు ఎదురుచూసిన మాట. నోట్లో పెట్టుకుంటే చప్పగా ఉంది. ఎదురుగా జనం సాసేజీలు తింటున్నారు. అందరి ఫోన్లూ టవర్ల వైపు. ఒక తాత మనవడితో "బాగా చూడు, ఇప్పుడే పడిపోతుంది" అంటున్నాడు. ఇంకొకతను పెద్ద కారు ఇంజను ఆపకుండా లోపల చల్లగా కూర్చున్నాడు.

అప్పుడు కాగితం మడిచి అన్నాను. "చప్పట్లు వద్దు. చప్పట్లు కొట్టే పని ఇక్కడ ఎవరూ చెయ్యలేదు. ఈ ప్లాంటు చెత్త ఎక్కడ పెట్టాలో దీన్ని కట్టినవాళ్లకి తెలియదు. దీని బదులు మేము తవ్విన గుంత ఎలా పూడ్చాలో మాకు తెలియదు. మీకు కరెంటు కావాలి, ప్లాంటు వద్దు, బొగ్గు వద్దు, గాలిమర మీ కిటికీలోంచి కనబడొద్దు. తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే ఈ మెట్లెక్కి రండి. నేను దిగుతున్నాను."

ఎవరూ ఎక్కలేదు. బ్యాండువాళ్లు కంగారుగా ఏదో మొదలుపెట్టారు. తర్వాత ఆ చప్పుడు. టవర్లు ముందు నడుము దగ్గర వంగి, అలసిన మనిషి కూలబడ్డట్టు కూలబడ్డాయి. జనం కేకలు వేశారు. నేను టవర్లని చూడలేదు, నిన్ను చూశాను. నువ్వు టోపీ తీశావు. దానికి నాకు నీ మీద కోపం రాలేదు. రావాల్సింది.

పేషీలో నన్ను ఇక ప్రసంగాలు రాయొద్దన్నారు. లైబ్రరీ చూసుకోమన్నారు. లైబ్రరీ అంటే కిటికీ లేని గది.

దుమ్ము అణిగాక మీ కోసం వెతికాను, వెళ్లిపోయారు. మేర్లె కంచె మీదుగా చెయ్యి ఊపింది, ఎడమ చెయ్యి. అది నా కోసమేనా? మేర్లె ఏదో నిర్ణయించుకున్నానని ఫోన్లో పొడిగా చెప్పింది, ఏమిటో చెప్పలేదు. నీకు చెప్పిందా?

వీబ్కె


ఓస్టర్‌వేడె,
ఆగస్టు

వీబ్కెకి,

చెప్పింది. మా ప్లాంటులో చేరుతుందట. టవర్లంటే పైన కనబడేవి. అసలు పని లోపల, రియాక్టర్‌ని ముక్క ముక్కగా విప్పి, ప్రతి ముక్కా కొలిచి, కడిగి, పెట్టెల్లో పెట్టడం. దానికి మనుషులు దొరకడం లేదు. శిక్షణ ఇచ్చి తీసుకుంటారట.

వద్దన్నాను. గట్టిగానే అన్నాను. లోపలి గదులు ఎలాంటివో నాకు తెలుసు. తెల్ల బట్టలు, ముసుగు, మెడలో రేడియేషన్ కొలిచే బిళ్ల, బయటికొచ్చే ముందు తల నుంచి కాలి దాకా పరీక్ష. పెళ్లి కావాల్సిన పిల్ల. నువ్వు తల్లివి, నువ్వు చెప్పు. నా మాట వినడం లేదు.

డెట్లెఫ్


డ్యూరెన్,
ఆగస్టు

బావా,

ఉత్తరం రెండుసార్లు చదివాను. మెట్ల మీద కూర్చుని చాలాసేపు నవ్వాను, పక్కింటావిడ తలుపు తీసి చూసింది.

"ఎక్స్‌రే తీయించుకున్నంత కూడా ఉండదు వీబ్కె, మీ భయాలన్నీ చదువులేనివాళ్ల భయాలు." ఎవరన్నారు ఇది, ప్రతి క్రిస్మస్‌కీ, బాతు మాంసం కోస్తూ? ఇన్నేళ్లూ మా పిల్లలందరికీ సురక్షితం. నీ పిల్లలాంటి పిల్ల తలుపు దాకా వచ్చేసరికి ముసుగు గుర్తొచ్చిందా?

నవ్వు అయ్యాక నేనూ దానికి ఫోన్ చేసి వద్దన్నాను. "మూసెయ్యాలి, శుభ్రం చెయ్యాలి అని నలభై ఏళ్లు అరిచావు కదమ్మా, ఎవరు చేస్తారనుకున్నావు?" అంది. ఎవరో అనుకున్నాను. ఆ ఎవరికో మొహం ఉంటుందని అనుకోలేదు.

కాబట్టి నువ్వు నన్ను వెక్కిరించే వీలు కూడా ఉంది. కానీ ఇప్పుడు వద్దు.

వీబ్కె


ఓస్టర్‌వేడె,
అక్టోబరు

అమ్మకి, పెదనాన్నకి,

ఒకటే ఉత్తరం ఇద్దరికీ రాసి రెండు కాపీలు తీశాను. వేరువేరుగా రాస్తే ఒకరికి రాసింది రెండోవాళ్లకి ఎత్తిపొడుపుగా వాడతారు.

మీరు ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాలు ఇద్దరూ నాకు చూపించారు, విడివిడిగా, రెండోవాళ్లకి చెప్పొద్దని. చదివాను. బాగా రాస్తారు ఇద్దరూ. మాటకి మాట తగ్గలేదు. కానీ అన్ని పేజీల్లో ఇద్దరూ చెప్పింది ఒక్కటే: తప్పు అవతలివాళ్లది. పెదనాన్న పొగ లేదంటాడు, చెత్త సంగతి మాట్లాడడు. అమ్మ చెత్త సంగతి మాట్లాడుతుంది, పొగ మీద పొడుగాటి వాక్యం రాస్తుంది. నాకు మీ ఇద్దరి పొగా వచ్చింది, చెత్తా వచ్చింది. దాంతోపాటు మీ వాదన కూడా పుచ్చుకోవాలంటే నా చేతుల్లో చోటు లేదు.

అమ్మా, ఆ వేదిక మీద తెలిసినవాళ్లు మెట్లెక్కండి అన్నావు. నాకు ఏమీ తెలియదు. అందుకే ఎక్కలేదు. చెట్టు మీద ఉన్నప్పుడు మాకు వద్దన్నవి చాలా తెలుసు. కావాల్సినవి ఎవరైనా అడిగితే పాట పాడేవాళ్లం. కిందికి దిగాక పాటలంటే విసుగొచ్చింది. ఇది పని. ఇది చేస్తే ఒకటి తగ్గుతుంది. అంతకన్నా గొప్ప కారణం లేదు, వెతకొద్దు.

భయం ఉంది. పెదనాన్న చెప్పినంత తక్కువా కాదు, అమ్మ అరిచినంత ఎక్కువా కాదు. మెడలో బిళ్ల ఉంది, రోజూ చూస్తారు. పని పూర్తయ్యేసరికి నాకు నలభై దాటుతాయట. మీరు అప్పటికి ఎలాగూ వాదించుకునే వయసు దాటిపోతారు. దాటకపోయినా ఆశ్చర్యపోను.

ఏవాల్ట్ గారు ఇక్కడే ఉన్నారు, పాత గదులు చూపించడానికి పిలిచారట. పెదనాన్న పేరెత్తితే మొహం పక్కకి తిప్పుకున్నారు. కానీ నా ముసుగు పట్టీ వదులుగా ఉంటే ఆయనే వచ్చి బిగించారు.

మొదటి రోజు నాకు ఒక గోడ ఇచ్చారు. దాని పై పొర గీకాలి, గీకింది పెట్టెలో వెయ్యాలి, గోడ మీద రేడియేషన్ కొలవాలి, ఇంకా చూపిస్తే మళ్లీ గీకాలి. చాలా చప్పుడు. లోపల చెమట. సాయంత్రానికి మంచం పట్టేంత చోటు శుభ్రమైంది. ఇలాంటి గోడలు ఎన్ని ఉన్నాయని అడిగితే నేర్పే ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. రేపు దాని పక్క చోటు మొదలుపెడతాను.

మేర్లె